మోత తగ్గిన కారు

ఖిదిర్‌పూర్,
ఆదివారం.

ఒరేయ్ జయంత్,

నువ్వు ముచ్చటపడి నా స్పోర్ట్స్ కారుకి పెట్టించిన ఆ మోత సైలెన్సర్ తీయించి వేరేది పెట్టించాను. తిట్టకు. మోత తగ్గకపోతే కారు ఇంకెక్కడైనా పెట్టుకోమని మా ఇంటి ఓనరు మాషిమా (ఇక్కడ పిన్నిగారిని అలాగే పిలుస్తారు) తేల్చి చెప్పేసింది. షాపులో మూడు రకాలు విన్నాను. ఒకటి మరీ మూగది, ఇంకొకటి లోపల కూర్చుంటే చెవుల్లో జుమ్మంటుంది. చివరికి లావుపాటి డబ్బా ఉన్నదాన్ని బిగించుకున్నాను. లాగుడు ఏమీ తగ్గలేదు, మోత మాత్రం నాన్న గురకకంటే తక్కువే.

చిక్కల్లా మా సందులో వచ్చింది. సాయంత్రాలు ఇక్కడ సందు మధ్యలోనే కేరమ్స్ ఆడతారు. ఇదివరకు నా కారు మెయిన్ రోడ్డు మీద ఉండగానే విని, బోర్డు ఎత్తి దారిచ్చేవారు. ఇప్పుడు పక్కకొచ్చి ఆగినా ఎవరూ తలెత్తరు. హారన్ కొడితే మాషిమా బాల్కనీలోంచి, "దీనికంటే ఆ పాత మోతే నయం కదమ్మా!" అంది.

అందుకని ఇంజిన్ ఆపేసి, ఆట అయ్యేదాకా కార్లోనే కూర్చుంటున్నాను. నిన్న వాళ్లకి ఒక మనిషి తక్కువయ్యాడు. "దిదీ, మీరు రండి" అని పిలిచారు. రెడ్ నేనే వేశాను! ఫాలో కాయిన్ గురిపెట్టేసరికి వెనక ఎవడో ఒకటే హారన్. "ఏటయ్యా ఆ గోల!" అని తెలుగులోనే అరిచేశాను. తీరా చూస్తే సందుకి అడ్డంగా ఉన్నది నా కారే.

చిన్నప్పుడు నువ్వు కొట్టేసిన నా స్ట్రైకర్ వెంటనే పంపు. బదులుగా నీ సైలెన్సర్ పంపిస్తాను.

ఎదురుచూస్తూ,
అక్క