ఫైల్లో లేని మాట

అమీర్‌పేట,
గురువారం.

చెల్లె మధులతా,

పొద్దున ఎల్లమ్మ గుడిలో నీ పేరూ పిల్లల పేర్లూ చెప్పుకొని వచ్చి రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో నేను పనిచేసే కాగితం ఫైళ్ల గది మూసేశాక మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నానని నీకు తెలుసు. డాక్టర్ రాసింది చదివి ఒక్కో జబ్బుకు దాని కోడ్ వేయాలి. నిన్నటి పరీక్షలో ఒక్కటే తప్పు పోయింది. అది నా వయసు ఆమె ఫైలు. కాలు విరిగింది. వారం రోజులైనా చూడటానికి ఎవరూ రాలేదని నర్సు రాసింది. నేను కాలుకు కోడ్ వేసి, ఆమె ఒంటరిగా బతుకుతున్నదని ఇంకో కోడ్ కూడా వేశాను. దానికీ ఒక కోడ్ ఉంది.

మాకు కోడింగ్ నేర్పే ఫహాద్ సార్ ఆ రెండో కోడ్ కొట్టేశారు. "అమ్మా, ఒంటరిగ ఉంటదని డాక్టర్ యాడ రాసిండు?"

"చూస్తే తెలుస్తలేదా సార్?"

"మీకు తెలుస్తది. గని రాయంది మనం వేయొద్దు. కాయితం మీద లేకుంటే లేనట్టే."

నాతోపాటే నేర్చుకుంటున్న చంద్రిక పక్కనుంచి నవ్వింది. "ఆంటీ, పేషెంట్‌తోని మాట్లాడొచ్చిన్రా ఏంది?"

నేనూ నవ్వాను. కానీ సార్ మాట నన్ను వదల్లేదు.

ఉగాదికి నువ్వు సనత్‌నగర్‌లోని మీ ఇంటికి వచ్చి ఉండమంటే, దేవుడున్నాడు, నాకేం ఒంటరితనం అన్నాను. ఫోన్‌లోనూ అదే అంటున్నాను. నువ్వు నమ్మావు. నమ్మక ఏం చేస్తావు?

అది నిజం కాదు. ఈ హాస్టల్‌లో నాకు ఒంటరిగా ఉంది.

మీ పైగది ఇంకా ఖాళీగా ఉంటే వస్తాను. ఎవరికైనా ఇచ్చేసి ఉంటే మొహమాటపడకుండా చెప్పు, ఏమీ అనుకోను. సంచి మాత్రం సర్దిపెట్టాను.

మీ అక్క