బావ వరుస

కామారెడ్డి,
రాఖీ పున్నమి పోయిన వారం.

అన్న హన్మాండ్లుకు తమ్ముడు గంగారాం రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందని, బాపు మందులు మానకుండా వేసుకుంటున్నాడని, వదిన, పిల్లలు, చెల్లె శోభ బాగున్నారని తలుస్తాను. నీ క్షేమం ఈసారి అడగడం లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అంటావు. ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి అరుగు మీద అందరికీ వినిపిస్తావు. నీకు నచ్చని మాట రాగానే సిగ్నల్ లేదని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఈ కింది ముచ్చట అవ్వకు చదివి వినిపించు. మిగతాది నీకు.

అవ్వా, నేను బాగానే ఉన్నాను. వానలు ఇక్కడ కూడా అంతంతే. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియక బోరు మోటర్లు కాలిపోతున్నాయి కాబట్టి మా వైండింగ్ షాపుకు పని బాగా ఉంది. రోజూ అన్నమే తింటున్నాను. జొన్నరొట్టె కావాలంటే బస్టాండు దాటి పోవాలి, అది కూడా నువ్వు చేసినట్టు ఉండదు. నువ్వుల పొడి అయిపోయింది, మద్నూర్ బస్సులో ఎవరైనా వస్తే పంపించు. ఒంట్లో బాగుంది, రంది పడకు.

అన్నా, ఇక నీకు.

నేను కామారెడ్డికి వచ్చేటప్పుడు బస్సు దగ్గర నువ్వు చెప్పిన మాట గుర్తుందా? "ఐటీఐ కాయితం ఎవడు సూస్తడురా, వరుస కలుపు. వరుస లేనోనికి పట్నంల పని లేదు" అన్నావు. నేను కలపలేదని కాదు. లైన్‌మన్లను అన్నా అన్నాను, షాపుకు వచ్చే రైతులను కాకా అన్నాను. నా మాటలో మన సరిహద్దు ఊళ్ల మరాఠీ యాస విని "ఏం మరాఠీ తమ్మీ" అని నవ్వితే నేనూ నవ్వాను. దానికి నాకేమీ బాధ లేదు. సబ్ స్టేషన్లలో కాంట్రాక్టు మీద ఆపరేటర్లను పెట్టే పటేలు దగ్గరికి కూడా నేనే పోయాను, కాయితాలు ఇచ్చి వచ్చాను. ఎల్లారెడ్డిలో ఒక పోస్టు ఖాళీ అవుతుంది, చూద్దామన్నాడు. అంతవరకు మర్యాదగానే ఉంది.

అప్పుడు నువ్వు వచ్చావు. నేను రమ్మనలేదు. నాటుకోడిని సంచిలో వేసుకొని, నన్ను వెంటబెట్టుకొని ఎల్లారెడ్డి పక్కన పటేలు పొలంలో బాయికాడికి పోయావు. ఆయన చుట్టూ పది మంది ఉన్నారు. నువ్వు కూర్చోకముందే మొదలుపెట్టావు.

"పటేలా, మా మేనత్తను మీ ఊరికే ఇచ్చినం. మేనత్త ఊరోళ్లంటే మాకు బావలే. నువ్వు నాకు బావవైతవ్!"

ఆయన నిన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"బావనా? అయితే మీకు చెల్లె గిట్ల ఉన్నదా?"

"ఉన్నది పటేలా. బట్టలు కుడ్తది."

"మరి తోలియ్యి. ఉత్త బావంటే ఎట్ల?"

అందరూ నవ్వారు. నేను నీ ముఖం చూశాను అన్నా. నువ్వు తల దించుకున్నా సరిపోయేది. నువ్వు అందరికన్నా గట్టిగా నవ్వావు. "గట్లనే బావా, నీకన్న ఎక్కువనా" అన్నావు. తిరిగి వస్తూ బస్సులో నా భుజం తట్టి "పనైపోయింది పో" అన్నావు.

ఆ రోజు నుంచి నా పేరు పోయింది. ఇక్కడ కరెంటు ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్‌లో పొద్దున్నే పటేలు వచ్చి కూర్చుంటాడు. పోస్టు సంగతి అడగడానికి పోతే, రోడ్డు అవతలి నుంచే "ఏం బామ్మర్దీ, చెల్లె మంచిగున్నదా?" అని కేక. తర్వాత ఆయన మనుషులు పట్టుకున్నారు. ఆ తర్వాత లైన్‌మన్లు. చివరికి హోటల్‌లో చాయ్ పోసేవాడు కూడా "బామ్మర్దికి ఒక చాయ్" అన్నాడు. మన వైపు ఆ మాటను ఎప్పుడు తిట్టుగా వాడతారో, ఎప్పుడు ప్రేమగా వాడతారో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

మా వైండింగ్ మేస్త్రి రాజేశం ఒకరోజు తీగ చుట్టుకుంటూ అన్నాడు. "పోస్టు కోసం పోతున్నవా, ఆయన నవ్వుకు పోతున్నవా?" నేను పోస్టు కోసమే అన్నాను. "అయితే పోయి రా. గని ఇంటిమీదికి మాట తేకు" అన్నాడు.

తేకూడదనే చూశాను. రాఖీ పున్నమి నాడు బస్టాండు దగ్గర ఒక రాఖీ కొన్నాను. పెద్దది కాదు, ఎర్ర దారం మీద పూస ఉన్నది. నేరుగా హోటల్‌కు పోయాను. పటేలు చేతికి అప్పటికే మోచేయి దాకా రాఖీలున్నాయి.

"రా బామ్మర్దీ రా! ఇయ్యాల గూడ చెల్లెను తోల్కరాలే? నన్ను యాది చేస్తుందా లేదా?"

"చేస్తున్నది పటేలా. యాది చేసే ఇది పంపింది. చెయ్యి పట్టు."

రాఖీ తీసి చూపించాను. వెనక నుంచి ఎవడో "అగో, బావను అన్నను చేసిండ్రోయ్" అన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి, పటేలు ముఖం చూసి ఆగారు.

"చెల్లె కట్టాలె గని నువ్వు కట్టుడేందిరా?"

"ఆమె మద్నూర్ దిక్కున్నది, రాలేకపోయింది. ఎవరు ముడేసినా వరుస ఆమెదే పటేలా. మీకు వరుసలంటే పాణం గద."

పండుగ పూట, అంతమంది ముందు, పంపిన రాఖీని వద్దనడం ఎవరికి సాధ్యం? చెయ్యి చాపాడు. రెండు ముళ్లు వేశాను. ఆయన అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు, చెల్లెకు కట్నం ఇవ్వాలి కదా.

"పైసలు వద్దు పటేలా. ఇంకమీద నన్ను పేరు పెట్టి పిలువుండ్రి, గదే సాలు."

ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు.

"నీ పేరేందిరా?"

ఇదీ నువ్వు కలిపిన వరుస, అన్నా. చలికాలం నుంచి తిరిగాను. నా కాయితాలు ఆయన దగ్గరున్నాయి. నాకు చెల్లె ఉన్నదని హోటల్ అంతటికీ తెలుసు. నా పేరు మాత్రం ఆయనకు తెలియదు.

గంగారాం అని చెప్పి షాపుకు వచ్చేశాను. ఇప్పుడు ఎవరూ బామ్మర్ది అనడం లేదు. పటేలు నన్ను చూస్తే పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎల్లారెడ్డి పోస్టులో లింగంపేట దిక్కు మనిషి ఎవరో చేరాడు. నువ్వు మళ్లీ కోడిని పట్టుకొని రావద్దు, ఆయనకు ఫోన్ చేయవద్దు. నాకు ఇక్కడ పని ఉంది, తిండి ఉంది. బాగానే ఉన్నాను. దసరాకు అవ్వబాపులను చూడటానికి వస్తాను. నీ కోసం కాదు.

ఒక పని మాత్రం నువ్వే చేయాలి. ఆ రాఖీ శోభ పంపలేదు. ఆమెకు ఈ సంగతేదీ తెలియదు. అడగకుండా ఆమె పేరు వాడింది నువ్వు ముందు, నేను తర్వాత. నా వంతు నేను వచ్చి చెప్పుకుంటాను. ఎల్లారెడ్డి దగ్గర ఆమెకు ఇంకో అన్న పెరిగాడని నువ్వు చెప్పు. ఎందుకు పెరిగాడో, ఆ రోజు బాయికాడ నువ్వేమన్నావో, ఎట్లా నవ్వావో అదీ చెప్పు. ఆమె కట్టిన రాఖీ నీ చేతికి ఇంకా ఉండే ఉంటుంది. చెప్పేదాకా దాన్ని విప్పకు.

అవ్వకు, బాపుకు కాళ్లు మొక్కుతున్నాను, వాళ్ల దీవెన నా మీద ఉండాలి. వదినకు నమస్కారం. పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు,
గంగారాం