లైటుమ్యాన్ అంతోని ముఖము

కంకిపాడు,
తేది 8-9-2003.

సోమవారము అర్జీలు స్వీకరించు జిల్లా అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: పోలీసువారు స్వాధీనపరచుకొన్న నా వీడియో క్యాసెట్టు నుండి, మృతుడు లైటుమ్యాన్ అంతోని గారి ముఖము ఉన్న ఒక్క బొమ్మను, ఈ నెల 28వ తేదీలోపు ఇప్పించుట గురించి.

షేక్ సైదా, వయస్సు నలభై ఒకటి, అవివాహితుడు, పెళ్ళి వీడియోలు తీయు వృత్తి, కంకిపాడు బస్టాండు వెనుక నివాసము, అను నేను చేసుకొను మనవి ఏమనగా:

1. గత మే నెల 11వ తేదీ సాయంత్రము బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెళ్ళికొడుకు ఊరేగింపును నేను వీడియో తీయుచుండగా, ట్రాఫిక్ నిలిచినదను కారణముచే ఒక ఎస్.ఐ. గారు జీపు దిగివచ్చి, బాజాలవారిని వదలి, పెళ్ళివారిని వదలి, రోడ్డుకు అడ్డముగా ఉన్న కారును వదలి, మా లైటుమ్యాన్ అంతోని గారిని కొట్టిరి. చేతిలో వెయ్యి వాట్ల లైటు ఉన్నవాడు దూరమునకు కూడా కనబడును గదా. మిగిలినవారందరు పరుగెత్తిరి. అంతోని గారు మాత్రము లైటు ఎత్తి పట్టుకొనియే నిలబడిరి. అది ఆయన స్వభావమని వ్రాయించుచున్నాను.

నేను కెమెరా ఆపలేదు. పద్దెనిమిది ఏండ్లలో ఏ ఊరేగింపునూ నడిమధ్య ఆపినవాడను కాను. ఎస్.ఐ. గారు లాఠీ ఎత్తి నా వైపు తిరిగినప్పుడు, ఏడ్చుచున్న పెళ్ళికూతుళ్ళకు సైతము నేను చెప్పు మాట నా నోటి నుండి దానంతట అది వచ్చినది. "సార్, ఇటు చూడండి. కొంచెం నవ్వండి."

ఎస్.ఐ. గారు చూచిరి. నవ్విరి.

ఇదియే నా నేరము. ఆయనకును ఏనాడో పెళ్ళి అయి ఉండును, ఎవరో ఒక వీడియోవాడు ఈ మాటే అని ఉండును, ఆ అలవాటు కొద్దీ నవ్వి ఉండును. ఏమైనను ఆ నవ్వు పైపళ్ళు కిందిపళ్ళు సహితముగా క్యాసెట్టులో పడినది. ఆయన కాలి దగ్గర అంతోని గారు కూడా పడినారు.

2. ఎఫ్.ఐ.ఆర్.లో అంతోని గారు తన కుడిచేతితోను పక్కటెముకలతోను ప్రభుత్వ లాఠీని పలుమార్లు కొట్టినట్లు, ఆ పనికి నేను వెలుతురు ఏర్పాటు చేసినట్లు వ్రాయబడినది. స్టేషనులో ఎస్.ఐ. గారు నన్ను "ఏరా, నన్నే నవ్వమంటావా? ఏదీ, ఇప్పుడు నువ్వు నవ్వు చూద్దాం" అనిరి. నవ్వితిని. "ఇంకొంచెం" అనిరి. పద్నాలుగు దినములు సబ్‌జైలులో ఉండి బెయిలు మీద వచ్చితిని. ముందరి పళ్ళు రెండు మాత్రము రాలేదు.

3. ఈ సంగతులన్నియు తమ కచ్చేరీకి జూన్ 2వ తేదీన అర్జీగా ఇచ్చుకొంటిని. సదరు అర్జీని "తగు చర్య నిమిత్తము" అదే ఎస్.ఐ. గారికి పంపినారు. ఆయన తగు చర్య తీసుకొన్నారు. అప్పటి నుండి నాకు ఎడమ చెవి వినబడుట లేదు. తమ కచ్చేరీలో పని జరగదని బయట అనుకొనెదరు. అది తప్పని నేను ఎక్కడనైనను చెప్పగలను.

4. లాయరు వెంకటకృష్ణారావు గారు కాగితములు చూచి, "మీది నెగ్గే కేసండీ సైదా గారూ. ఆ క్యాసెట్టు కోర్టులో ఒక్కసారి ఆడిస్తే చాలు. కాకపోతే నేను అక్కడ నిలబడాలి కదండీ, నిలబడాలంటే ఫీజు ఉండాలి కదండీ" అనిరి. కెమెరా స్టేషనులో ఉన్నది. పని లేదు. కావున నేను ఎవరెవరి పెళ్ళిళ్ళు తీసితినో వారి ఇండ్లకు పోయి చందా అడిగితిని. అందరు కూర్చోబెట్టిరి, కాఫీ ఇచ్చిరి, పెళ్ళి క్యాసెట్టు బూజు పట్టినది ఏమి చేయవలెనని అడిగిరి. చందా మాట ఎత్తగానే టీవీ సౌండు పెంచిరి. చివరకు ఉయ్యూరు చెరకు రైతు బసవపున్నయ్య గారు ఒక్కరు నోరు విప్పిరి.

"పోలీసోళ్ళ మీద కేసుకి చందా అంటే నా చెయ్యి జేబులోకి పోదయ్యా సైదా. ఏదన్నా శుభకార్యం పెట్టు, చదివింపులని పిలువు. నూటపదహార్లు పట్టుకొని మొదట నేనే వస్తా. చదివింపులకి ఎవడు భయపడతాడు?"

ఆ ప్రకారము జూన్ 22వ తేదీన కంకిపాడులో అంతోని గారి ఇంటి ముందర షామియానా వేసితిమి. ఆయన భార్య అమలమ్మ గారు పులిహోర కలిపిరి. మైకులో పేరు, ఊరు చదివించుచు ఒక్కొక్కరు ఇచ్చిరి. ఏ శుభకార్యమని ఎవరును అడగలేదు, మేమును చెప్పలేదు. అరువై ఒక్క మంది వచ్చిరి. నాకు జైలులో రాని ఏడుపు ఆనాడు వచ్చినది.

5. ఇక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. చదివింపులు జరుగుచుండగా ఊరకే కూర్చొనలేక, అద్దె కెమెరా తెచ్చి వచ్చినవారినందరిని వీడియో తీసితిని. పెళ్ళిలో తీసినట్లే, కవరు ఇచ్చునప్పుడు చెయ్యి పట్టి ఆపి, "ఇటు చూడండి, నవ్వండి" అని, ముఖము నిండుగా, ఒక్కొక్కరిని మూడేసి క్షణములు తీసితిని. వెనుక మైకులో పేరు, ఊరు. అంతోని గారికి కుడిచెయ్యి లేవకున్నను ఎడమచేత్తో లైటు పట్టిరి. కూర్చోమంటే, "నేను పట్టకపోతే మొహాల మీద నీడ పడుద్ది సైదా" అనిరి. నీడ పడలేదు. పడి ఉన్నను బాగుండును.

వారము తిరుగకుండ ఎస్.ఐ. గారు వచ్చి ఆ క్యాసెట్టును, చదివింపుల సొమ్మును పట్టుకొనిపోయిరి. అరువై ఒక్క మందిని పేరు పెట్టి పిలిపించిరి. ఎవరిని గుర్తుపట్టుటకును ఆయన కష్టపడలేదు. "ఎందుకిచ్చావ్?" అని అడుగగా అందరును భయపడి ఒకే మాట చెప్పిరి: "పెళ్ళికండీ." బసవపున్నయ్య గారు కూడా అదే చెప్పి, సంతకము పెట్టి, నా ముఖము చూడకుండ ఉయ్యూరు బస్సు ఎక్కిరి. ఆయనను నేను తప్పుపట్టను. అబద్ధము చెప్పరాదు, తప్పుపట్టుచున్నాను.

6. అంతట లేని పెళ్ళి పేరుతో డబ్బు వసూలు చేసినానని నా మీద 420 కేసు కూడా పెట్టిరి. "పెళ్ళి చూపించు, వదిలేస్తా. లేదంటే దీనికి వేరే, దానికి వేరే శిక్ష" అని ఎస్.ఐ. గారు సెలవిచ్చిరి. నలభై ఒక్క ఏండ్ల వానికి, రెండు పళ్ళు ఒక చెవి లేనివానికి, రెండు కేసులున్న వానికి పిల్లనెవరిత్తురు? అప్పుడు అంతోని గారు అనిన మాట వ్రాయించుచున్నాను.

"మేం చేసుకుంటాంలే సైదా. నాకూ అమలకీ ఆగస్టుకి ఇరవై అయిదేళ్ళు నిండుతున్నాయ్. గుళ్ళో ఫాదర్ గారు సిల్వర్ జూబిలీ దీవెన ఇస్తారు. దండలు మార్చుకుంటాం, అదీ పెళ్ళేగా! పైగా అప్పట్లో మాకు ఫోటోలు తీసే దిక్కు లేదు. నువ్వు తియ్యి. ఈసారి లైటు ఇంకెవరైనా పట్టుకుంటారు."

అమలమ్మ గారు, "ఈ వయసులో సిగ్గు లేకపోతే సరి" అని తిట్టి, మర్నాడే పోయి మెరూన్ రంగు చీర తెచ్చుకొనిరి. ఎస్.ఐ. గారు కూడా, "సరే, ముసలి పెళ్ళైనా పెళ్ళే. వీడియో తెచ్చి చూపించు" అని ఒప్పుకొనిరి. ఆగస్టు 24వ తేదీ ఆదివారము నిశ్చయమైనది.

7. ఆగస్టు 19వ తేదీ మంగళవారము నాడు అంతోని గారు చనిపోయిరి. మే నెల నుండి ఆయాసపడుచుండిరి. డాక్టరు కాగితములో గుండె ఆగినందున అని వ్రాసినారు. అది నిజమే, ఆగినది. సమాధి నాడు స్టేషను నుండి కానిస్టేబులు వచ్చి, "ఎస్.ఐ. గారు అడుగుతున్నారు, ఆదివారం పెళ్ళి ఉందా లేదా?" అని అడిగి, లేదని వ్రాసుకొని పోయెను.

8. అయ్యా, ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల 28వ తేదీ నలభయ్యవ దినము. ఆనాడు జ్ఞాపకార్థ పూజలో దండ వేయుటకు అంతోని గారి ఫోటో ఒక్కటి కూడా లేదు. పదహారు ఏండ్లు నాతో ఆరువందల పెళ్ళిళ్ళు తిరిగిన మనిషి. ప్రతి పెళ్ళిలోను ఉన్నారు, ఏ క్యాసెట్టులోను లేరు. లైటు వెనుక ఉన్నవాడు కనబడడు. రేషను కార్డు ఫోటో నాడు ఆయన నాతో పెళ్ళి పనికి వచ్చిరి. ఓటరు కార్డులో బొమ్మ మసిగా ఉన్నది, అది ఆయనదో తమరిదో చెప్పలేము. అమలమ్మ గారు ఆ మెరూన్ చీర కట్టుకొని ఓటరు కార్డు పట్టుకొని నా ఇంటికి వచ్చి, "ఆరువందల పెళ్ళిళ్ళు తీశావ్ గదా తమ్ముడూ, నీ కెమెరా ఒక్కసారైనా ఇటు తిరగలేదా?" అని అడిగిరి.

ఒక్కసారి తిరిగినది. మే 11న. అంతోని గారు వెల్లకిల పడినప్పుడు, చేతిలోని లైటు వంగి ఆయన ముఖము మీదనే పడినది. కండ్లు తెరచియే ఉన్నవి. ముఖము మీద నీడ లేదు. అంత చక్కని వెలుతురులో నేను ఎవరినీ తీయలేదు.

కావున ఆ క్యాసెట్టును కంప్యూటరుకు ఎక్కించి ఆ ఒక్క బొమ్మను ఇప్పించ ప్రార్థన. పైభాగములో నవ్వుచున్న ఎస్.ఐ. గారు ఉందురు. ఆయనను నేను కత్తెరతో తీసివేసెదను, ఎవరికిని చూపను. ప్రతిగా 22వ తేదీ వాయిదాలో రెండు కేసులలోను నేరము ఒప్పుకొందును. లాయరు గారికి రావద్దని చెప్పితిని. చదివింపుల సొమ్మును స్టేషనువారే ఉంచుకొనవచ్చును. ఆ పిమ్మట క్యాసెట్టును తగులబెట్టుకొన్నను నాకు అభ్యంతరము లేదు.

తమరే స్వయముగా చిత్తగించవలెను. దయచేసి తగు చర్య నిమిత్తము ఎవరికిని పంపవలదు.

మిగిలిన ఒక్క చెవితో,
తమ విధేయుడు,
షేక్ సైదా

తా.క. అయ్యా, పైదంతా బస్టాండు దగ్గర అర్జీలు రాసే ఆయన రాశారు. గ్రాంథికం ఆయనది, కోపం నాది. ఇది మాత్రం నా చేత్తో రాస్తున్నాను, ఆయనకి చెప్పలేక.

బొమ్మ ఒక్కటే ఇవ్వండి. శబ్దం వద్దు. క్యాసెట్టు అమలమ్మక్క ముందు ఎవరూ ఆడించకుండా చూడండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒకటో నంబరులో అంతోని స్వభావం అని రాయించింది అబద్ధం. మొదటి దెబ్బకే అతను లైటు కింద పెట్టి పరిగెత్తబోయాడు. నేను కెమెరాలోంచి కన్ను తియ్యకుండా "అంతోనీ, లైటు దించకు!" అని అరిచాను. పదహారేళ్ళుగా నేను చెబితే దించలేదు, అప్పుడూ దించలేదు. చెయ్యి పైకెత్తాడు. పక్కటెముకలు ఖాళీగా దొరికాయి. ఎస్.ఐ. గారు కొట్టినంతసేపూ నేను ఇంకో రెండుసార్లు అరిచాను. కెమెరా మైకు నా నోటి దగ్గరే ఉంటుందండీ, ప్రతి ముక్కా తెలుస్తుంది.

అక్క రోజూ వచ్చి గడప మీద కూర్చుని అదే అడుగుతుంది. "అందరూ పరిగెత్తారు గదా తమ్ముడూ, ఆయనొక్కడూ ఎందుకు నిలబడ్డాడు?"

నాకేం తెలుసక్కా అంటున్నాను.