ప్లాటినం తీగ

2025 ఫిబ్రవరి 3
ల్యాబ్‌లోకి కొత్త స్కాలర్ వచ్చింది. వినీల. హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో వస్తుందట. నేను ఊళ్లోనే ఉన్న భవానీపురం నుంచి వచ్చేసరికే ల్యాబ్ కోటు తొడుక్కుని కూర్చుంది. ఒళ్లు మండింది.
మా ఇద్దరిలో ఒకరినే ప్రాజెక్టులో ఉంచుతానని మా గైడ్ ఇందిరాదేవి మేడమ్ చెప్పేశారు. మార్చి రివ్యూలో తేలుతుందట. నాకిది ఐదో ఏడు. నా వెండి నానోక్లస్టర్లు, పట్టుమని పాతిక పరమాణువులుండవు, నీళ్లలోంచి హైడ్రోజన్ తీయమంటే మొండికేస్తున్నాయి. ఆ పిల్ల రాగితో చేస్తుందట. చేయనీ.

ఫిబ్రవరి 11
రెండో ఎలక్ట్రోడ్‌కి గ్రాఫైట్ రాడ్ ఉందా అక్కా అని అడిగింది. నా సొరుగులో రెండున్నాయి. లేవమ్మా, ప్లాటినం తీగ పెట్టుకో, అందరూ అదే వాడతారు అన్నాను.

ఫిబ్రవరి 19
వినీల రాగి రోజురోజుకీ మెరుగవుతోంది. మేడమ్ లడ్డూలు తెప్పించారు. నేను రెండు తిన్నాను.
యాసిడ్‌లో ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి రాగి మీద పేరుకుంటుంది. హైడ్రోజన్ తీసేది ప్లాటినం, పేరు రాగికి. మేడమ్‌కి తట్టాల్సిందే, కానీ సంబరంలో ఉన్నారు.

ఫిబ్రవరి 20
చెప్పలేదు.

మార్చి 7, సాయంత్రం 5
రివ్యూ. వినీల చక్కగా మాట్లాడింది. చివర్లో చెయ్యెత్తాను. రెండో ఎలక్ట్రోడ్ ఏం వాడావమ్మా అని తీయగా అడిగాను. ప్లాటినం అంది. బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ ఫైలు మూసేశారు.
అది వాడమని ఎవరు చెప్పారని మేడమ్ గద్దించారు. వినీల నా వైపు చూసింది. నా తప్పేనండీ అంది.
బయట బెంచీ మీద వాళ్లమ్మ మణెమ్మగారు టిఫిన్ క్యారియర్‌తో కూర్చున్నారు. మా అమ్మాయి బాగా చెప్పిందా తల్లీ అని అడిగారు. చాలా బాగా చెప్పిందండీ అన్నాను. నవ్వొచ్చింది కూడా.

మార్చి 10
సీటు నాదే. వినీల ట్యూషన్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి చేరిందట.

మార్చి 18
రాగిణీ, ఆ రాగిని గ్రాఫైట్‌తో ఒకసారి చూసి ఫెయిలని రాసెయ్ అన్నారు మేడమ్. కొత్త యాసిడ్, కొత్త గాజుసామాను. ప్లాటినం ఆనవాలు లేదు.
బుడగలు వచ్చాయి.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వచ్చాయి. రివ్యూలో చూపినంత కాదు. నా వెండికన్నా ఎన్నో రెట్లు నయం. ఆ పిల్ల నిజంగానే సాధించింది. ఏడుపొచ్చింది, నా మీద నాకే.

మార్చి 19
మిగిలిన శాంపిల్ సింకులో పోశాను. ఫెయిల్ అని రాశాను. మేడమ్ సంతకం పెట్టారు.
వినీల ఫోన్ చేసింది. నా రాగిని మళ్లీ చూశారటగా, ఏమైనా వచ్చిందా అక్కా అంది. ఏమీ రాలేదమ్మా అన్నాను. మీరే చూశారుగా, ఇంక నాకు అనుమానం లేదక్కా అంది.