కింది గీతలో ఒక్కడు

వనపర్తి,
9 నవంబర్ 2025, ఆదివారం.

చిరంజీవి లావణ్యకు అమ్మమ్మ దీవెనలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా కాలపు అలవాటు. ఇద్దరిలో ఒకరి కుశలం ఇంకా తేలవలసి ఉంది కాబట్టి ఈసారి ఆ మాట రాయడం లేదు. ఫోనులో చెప్పవచ్చు గదా అంటావు. ఫోనులో నువ్వు అడ్డొస్తావు, నేను వరస తప్పుతాను.

నువ్వు పంపిన మీ పరిశోధన కాగితాలు శ్రద్ధగా చదివాను. బడిలో ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని, క్యాన్సర్ గడ్డ తనకు కావలసిన రక్తనాళాలు తానే పుట్టించుకుంటుందని తెలియకపోవడం సిగ్గుగానే ఉంది. కాలువ గట్టు తవ్వి దొంగ పైపు వేసుకునే రైతు తెలివి దానికెలా వచ్చింది? ఆ నాళాల్లో గోడ గట్టిపడినవి కొన్ని, ముదరనివి కొన్ని. దేని గుర్తు దానికుంటుంది, రంగు వేస్తే బయటపడుతుంది. ముదరనివి ఎక్కువగా ఉన్నవాళ్ళు మీ లెక్కలో తొందరగా పోయారు. ఇంతవరకు అర్థమైంది. గోడ సరిగా లేని పైపులో నీళ్ళు కారిపోతాయి గదా, మరి అలాంటి నాళాలున్న గడ్డ ఎండిపోవాలి గాని బలియడమేమిటి? మీ సారును అడిగి రాయి. ఆయనకూ తెలియకపోతే ఆ సంగతే రాయి, ఊరికే పెద్ద మాటలతో నింపకు.

మీ బొమ్మలో మెట్లు మెట్లుగా దిగే గీతలు రెండున్నాయి. ఒక్కో మెట్టు ఒక మనిషి పోవడం. ముదరని నాళాలవాళ్ళది కింది గీత. నా మూత్రపిండంతో పాటు తీసిన గడ్డలోనూ అవే ఎక్కువన్నావు, అంటే నా చోటు అందులోనే. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కనబడ్డ చుక్కలకు, నాళాలను అడ్డుకునే మాత్రలు వెంటనే మొదలుపెట్టడమా, ఆగి చూడడమా అన్నది డాక్టరు మనకే వదిలేశాడు. ఆగుదామని నువ్వన్నది ఆ కింది గీతలో ఇంకా బతికున్న ఒక్క దాసును చూసి. అవే నాళాలు, అదే ఆపరేషను, ఏ మందూ లేకుండా తొమ్మిదేళ్ళు. ఆయన సరేనన్నాకే ఊరూ పేరూ ఇచ్చి, ఏం తింటాడో ఎలా బతుకుతున్నాడో కనుక్కు రమ్మన్నావు.

గురువారం వెళ్ళాను. నాగర్‌కర్నూలులో బస్సు మారి ఉప్పునుంతల చేరేసరికి దాసు చేనులో పత్తి మూట ఎత్తి ట్రాలీలో వేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఏం తింటావని అడిగితే, "జొన్నరొట్టె, పచ్చిపులుసు. కల్లు గూడ రాసుకుంటవా టీచరమ్మా?" అన్నాడు. రాసుకున్నాను. భార్య శంకరమ్మ పక్కనుంచి, "బీడీలు గూడ చెప్పు, సిగ్గేంది?" అని ఎత్తిపొడిచింది. బీపీ లేదు, షుగర్ లేదు. దవాఖాన నుంచి ఏటా ఫోను వస్తుందని, మంచిగున్నానని చెబుతానని అన్నాడు. మంచిగానే ఉన్నాడు. అంత గట్టి మనిషిని నేనీ మధ్య చూడలేదు.

వేళకు తిను. జుట్టు ముడివేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చో, లేకపోతే వెంట్రుకలను కూడా నాళాల కింద లెక్కవేస్తావు.

ఇట్లు,
మీ అమ్మమ్మ
వనజ

తా.క.: పైన రాసినదంతా నిజమే, కాని సగమే. అంటించిన కవరు మళ్ళీ చించాను.

వచ్చేముందు ఆపరేషను గాటు చూపించమన్నాను. దాసు భార్య వైపు చూశాడు. చివరికి చొక్కా ఎత్తాడు. ఏ పక్కనా గాటు గుర్తే లేదు. శంకరమ్మే విషయం చెప్పింది. ఆపరేషను దాసు అన్న యాదయ్యకు. పుణె దిక్కు పనికి పోయి ఏళ్ళ తరబడి ఊళ్ళో లేనందున అతని రేషన్ కార్డు రద్దయింది. కార్డు లేనిదే ఖర్చు లేకుండా వైద్యం జరగదు. అందుకని తమ్ముడి కార్డు మీద, తమ్ముడి పేరుతో చేర్చారు. యాదయ్య ఏడాదిన్నరకు పోయాడు.

మరి ఫోనులో అలా ఎందుకు చెప్పావని గద్దించాను. "దాసూ, ఎట్లున్నవని అడుగుతరు. మంచిగున్న అంట. అండ్ల అబద్ధమేముంది?" అన్నాడు. మళ్ళీ తానే, "గా ఫోనొచ్చినప్పుడల్ల అన్న ఇంక యాడనో ఉన్నట్టే అనిపిస్తది. గందుకే వద్దనలే" అన్నాడు.

మీరు చూసిన నాళాల గుర్తు తప్పలేదు, మనిషి పేరే తప్పింది. లెక్క దిద్దండి. వాళ్ళ మీదికి ఏ కేసూ రాకుండా చూసే పూచీ నీది. దిద్దితే కింది గీతలో మినహాయింపు ఎవరూ మిగలరు. నీ మనసు విరుగుతుందని ముందు దాచాననుకునేవు. కాదు, అలాంటివాడు ఒక్కడైనా ఉండాలని నాకే అనిపించింది.

ఇక ఆగడానికి కారణం లేదు. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరుతో చెప్పు, మాత్రలు మొదలుపెడతాను. గడ్డ నాళాలను అడ్డుకునే మందుకు ఒళ్ళంతా రక్తపోటు పెరగడమెందుకో కూడా కనుక్కో.

బస్సెక్కేటప్పుడు శంకరమ్మ సంచిలో సీతాఫలాలు పెడుతూ, "నీకు గూడ గిదే ఆపరేషనా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. "ఎవరి కార్డు మీద చేయించుకున్నవు?" అంది.

నా కార్డు మీదే అని చెప్పాను.