చిప్పల బావిని పూడ్చరాదు

మేడి ఇస్రాయేలు అనే నేను, తండ్రి కీర్తిశేషులు యోసేపు, వయస్సు 63, రామన్నపేట నివాసిని, ముప్పై ఒక్క ఏళ్లు ఒక దినపత్రికలో విలేకరిగా పనిచేసి విరమించినవాణ్ని, పూర్తి తెలివితో, ఎవరూ భయపెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా ఈ వీలునామా రాస్తున్నాను. గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి. బుర్ర బాగానే ఉందని దవాఖానవాళ్లు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను.

ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. ఆస్తి అంతా స్వార్జితం. కార్యనిర్వాహకుడిగా భువనగిరి వకీలు నవీన్‌కుమార్‌ను నియమిస్తున్నాను. ఆయన నెమ్మదిగా చదువుతాడు గానీ, ప్రతి అక్షరం చదువుతాడు.

1. రామన్నపేట శివారులో నాకున్న 22 గుంటల భూమిలో 20 గుంటలు నా ఒక్కగానొక్క బిడ్డ మెర్సీకి సర్వహక్కులతో చెందుతాయి. మెర్సీ నకిరేకల్‌లో నర్సు. పదేళ్ల వయసు నుంచే నా వార్తల్లో అచ్చుతప్పులు పట్టేది. అందుకని నా టేబుల్, కుర్చీ, ఎర్ర పెన్నుల డబ్బా కూడా ఆమెకే.

2. మిగిలిన రెండు గుంటలు, అందులోని రాతికట్టు బావి, బావికి పోయే బాట నాగరాణికి చెందుతాయి. నాగరాణి నా బంధువు కాదు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, నల్లగొండలో జంతుశాస్త్రం చెబుతున్న లెక్చరర్. ఆమెకెందుకని అడిగేవాళ్లుంటారు కాబట్టి కారణం రాస్తున్నాను.

మన చెరువుల్లోని ఆల్చిప్పను తెరిస్తే, రెండు చిప్పలకూ లోపలి వైపు ఒక పలుచని పొర అంటుకుని ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు ప్రావారం. చిప్పను కట్టేది ఆ పొరే. దానికి గాయమైతే మానుతుంది. ఆ గుర్తు తర్వాత పెరిగిన చిప్ప మీద గీతలా మిగులుతుంది. ఫ్లోరైడ్ నీళ్లలో ఆ గాయం ఎన్నాళ్లకు మానుతుందన్నది నాగరాణి పరిశోధన. 412 ఆల్చిప్పలను మన ఊరి చెరువులోంచి తీసి, పొర అంచున గోరు కొసంత కత్తిరించి, పైన నంబరు గీకి, మళ్లీ చెరువులో వదిలింది. నాలుగేళ్లు కొలిచింది. ఆమె తల్లి గోపమ్మ ఒకసారి తొంగిచూసి, "పురుగు గొంగడి కప్పుకున్నట్టే ఉన్నది కదనే" అంది. నేను విన్న వివరణల్లో తేలిగ్గా అర్థమైంది అదే.

3. ఇది ఆస్తి కాదు, నా తప్పు. 2016 జూన్ 12 ఆదివారం నాడు ఈ పరిశోధన మీద నా వార్త వచ్చింది. ఒక చిప్పలోని పొర ముక్కను ఇంకో చిప్పలో పెడితే దాని చుట్టూ ముత్యం పేరుకునే వీలుందని నాగరాణి చెప్పింది. తన పని అది కాదని, ఇక్కడ ఒక్క ముత్యమూ రాలేదని, చిప్పల జోలికి ఎవరూ పోవద్దని కూడా చెప్పింది. మొదటి మాట పైన పెట్టాను. మిగతాది జాగా చాలక తీసేశాను. డెస్క్‌వాళ్లు కోసేశారని ఇన్నేళ్లు చెప్పుకు తిరిగాను, అది అబద్ధం. 'మన చెరువులో ముత్యాలు' అన్న శీర్షిక కూడా నాదే.

సెలవు రోజు. నీళ్లు మోకాలి లోతు. పొద్దున తొమ్మిదికల్లా ఊరంతా బిందెలు, బకెట్లు, కొడవళ్లతో చెరువులో ఉంది. మా తమ్ముడు డేవిడ్ రెండు బకెట్లు నింపి నా దగ్గరికే తెచ్చాడు. "ఇండ్ల ముత్యం ఏడుంటది అన్నా?" అని అడిగాడు. మధ్యాహ్నానికి కట్ట మీద నంబర్లున్న చిప్పలు పగిలి కుప్పలుగా పడ్డాయి. ముత్యం ఎవరికీ దొరకలేదు.

నాగరాణి ఆ రోజు కట్ట మీద కూర్చుని, పగిలిన చిప్పల నంబర్లు ఒక్కొక్కటే రాసుకుంది. తర్వాత మూడేళ్లు నాతో మాట్లాడలేదు.

4. 2019లో నా బావి వాడుకొమ్మన్నాను. అది ఎండాకాలంలోనూ ఎండదు. ఆమె నా మాట నమ్మకుండా నీళ్లు పరీక్ష చేయించి, అప్పుడు ఒప్పుకుంది. కొత్తగా మూడు వందల చిప్పలు వదిలింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె కొలవడానికి చిప్పల బకెట్ మోసేది నేను. ఆ కొలతలు 2031 దాకా సాగాలి. నేను సాగుతానో లేదో డాక్టర్ చెప్పలేదు. కాబట్టి ఆ బావిని ఎవరూ పూడ్చరాదు, మోటారు దించరాదు, మందు చల్లరాదు. ప్లాట్లు చేయడానికి బావి అడ్డమని డేవిడ్ ఒకసారి రెండు ట్రాక్టర్ల మట్టి తెచ్చి పక్కన పోశాడు. ఆ మట్టితో బావి చుట్టూ గట్టు వేసుకున్నాం. అతనికి కృతజ్ఞతలు. మెర్సీకి అభ్యంతరం లేదు. "ఆ బావి నాకెందుకు నాయిన, తొంగిచూస్తెనే కండ్లు తిరుగుతయ్" అని ఫోన్‌లో చెప్పి, తర్వాత వచ్చి ఒప్పుదల కాగితం మీద సంతకం చేసింది.

5. డేవిడ్‌కు నా మోటార్‌సైకిల్. 1994లో తన పెళ్లిచూపులకు అడిగితే ఇవ్వలేదు. బండి అదే. ఏడో కిక్కుకు స్టార్ట్ అవుతుంది.

6. గోపమ్మకు నా రేడియో. చెరువు సంగతి జరిగాక ఆమె నాకు మొదటిసారి చాయ్ ఇచ్చింది 2019లో, చక్కెర లేకుండా. నిరుటి నుంచి చక్కెర వేస్తోంది.

7. నా మరణవార్త కింద మూడో నిబంధనలోని తప్పుకు సవరణ అచ్చు వేయించాలని ఇక్కడ రాశాను. దాన్ని కొట్టేస్తున్నాను. కారణం ఇది. ఈ చిత్తుప్రతిని బావి దగ్గర నాగరాణికి చదివి వినిపించాను. "సచ్చినంక ఏస్తే నిన్నెవలు అడగాలె అన్నా? ఇప్పుడే ఎయ్యి" అంది. సవరణ మార్చి 2న జిల్లా పేజీలో నా పేరుతో వచ్చింది.

పంపేముందు ఆమె అందులో ఒక అంకె దిద్దింది. నాశనమైనవి 412 అని నేను రాస్తే, కొట్టేసి 'నాలుగు వందలకు పైగా' అని పెట్టింది. విలేకరిగా 'పైగా' అన్న మాట నేనెప్పుడూ వాడలేదు, కచ్చితమైన అంకె ఉండగా ఇదెందుకని అడిగాను.

"412 అంటే అబద్ధమైతది. మూడు బతికినయ్. నీకు చెప్తే రాస్తవని చెప్పలే."

తొమ్మిదేళ్లు దాచింది. సరైన లెక్క ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: 409. ఆ మూడూ ఎక్కడున్నాయని అడిగాను. చెప్పింది. అది మాత్రం రాయడం లేదు.

రామన్నపేట, 2025 మార్చి 10, సోమవారం.

(సంతకం) మేడి ఇస్రాయేలు

సాక్షులు, దీనివల్ల తమకేమీ దక్కదని ముందే చెప్పినా వచ్చినవారు:
గుర్వయ్య, విశ్రాంత పోస్ట్‌మ్యాన్
రమ, అంగన్‌వాడీ టీచర్