సున్నా కొస నేను పట్టుకుంటా

రంజనికి మీ నాన్న దీవెనలు. ఈడ నేనూ మీ అమ్మా బాగున్నాం. కోయంబత్తూరులో నువ్వూ అల్లుడూ అట్లే ఉండాలి. బాగోగులు అయిపోయాయి. ఇక పదిహేడేళ్లుగా నా గొంతులో ఇరుక్కున్న మాట చెప్తాను.

ఆ రోజు గ్రౌండు చూడ్డానికి వచ్చిన కమిటీవాళ్ల ముందు నువ్వు నోరు తెరవకుండా ఉంటే, హైస్కూలు ఫుట్‌బాల్ ఫైనలు మన మనలి గ్రౌండులోనే జరిగేది. పదిహేనేళ్ల పిల్లవి. నేను గీసిన గీత మీదే నిలబడి "సార్, గ్రౌండు పొడవు తక్కువుండాది" అన్నావు. వాళ్ల దగ్గర టేపు కూడా లేదు. గీతలు గీసేవాడి కూతురే అంటోంది కదా అని కాగితం మడిచి వెళ్లిపోయారు. ఫోనులో ఈ మాట ఎత్తితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. నా అక్షరాలు వంకరే. గీతలు మాత్రం తిన్నగా గీస్తాను, అది నీకు తెలుసు.

మొన్నటి ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మోకాలు ఎట్లుందని ఒకటి. ఉంది. ఫైనలు మనకు వస్తుందట నిజమా అని రెండోది. నిజమేనే పిల్లా! తాంబరం పక్క ఒకటి, ఆవడి పక్క ఒకటి, మనది ఒకటి, పోటీలో మూడే గ్రౌండ్లు మిగిలాయి. రాత్రి పడుకుంటే నిద్ర పట్టడం లేదు, పొద్దున లేస్తే గ్రౌండుకే పోతున్నాను. ఎదురింటివాళ్లు మేడ మీద కుర్చీలు ఇప్పుడే వేసేశారు. ఆయిల్ లారీల డ్రైవర్లు కూడా గోడ పక్కన ఆపి "ఏం తాతా, వచ్చేసిందా?" అని అడిగి పోతున్నారు.

రెండు వారాల కిందట మంగళవారం కమిటీ నుంచి కస్తూరి మేడం వచ్చింది. మాటల మనిషి కాదు. గోలు ముందర తన బాటిల్ నీళ్లు కుమ్మరించి, ఎటు పోతాయా అని నిలబడి చూసింది. కొత్త కాలవలోకి పోయాయి. అప్పుడు నన్ను పిలిచింది.

"గీతలు ఎవరు వేసినారు తాతా?"

"నేనే. ముప్పై ఒక్క ఏళ్లుగా నేనే."

"మిషన్ లేదా?"

"మిషన్‌కి కండ్లుండాయా మేడం?"

మన క్లబ్బు సెక్రటరీ యువరాజ్ నా కాలు తొక్కి, "తాతా, కొంచెం సుమ్మా ఉండు, మాట్లాడొద్దు. సంతకం ఆమె చేతిలో ఉండాది" అన్నాడు. మేడం నవ్వింది. నవ్వుతూనే పాత ఫైలు తెరిచింది. "పొడవు మీద అనుమానం అని రాసినారే ఈడ. ఈ నెల ఆఖరి ఆదివారం పొద్దున పదింటికి స్టీలు టేపుతో కొలుస్తాం. నూరు మీటర్లుంటే ఆడనే సంతకం పెడతా" అని చెప్పి వెళ్లింది.

ఇక నీ మూడో ప్రశ్న. అమ్మ టిఫిన్ కొట్టు ఎందుకు తీసేసిందని.

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఏడాది వీధిలో కొట్లన్నీ లేపేశారు. మీ అమ్మ కొట్టుకు చోటు లేదు. గోలు వెనక గోడకు ఆనించి పెడదామంటే రెండు మీటర్లు చాలలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వీధంతా నిద్రపోతుంటే ఆ పక్క గోలుపోస్టులు పెరికి రెండు మీటర్లు ముందుకు పాతాను. రెండు పక్కలా సమంగా ఉండాలని నడిగీతను కూడా ఒక మీటరు జరిపాను. ఎవరికీ తెలియదనుకున్నాను. నువ్వు గోలు నుంచి నడిగీతకు నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకునే పిల్లవని మరిచాను. డెబ్బై అడుగులు అరవై ఎనిమిది అయ్యాయని నీకు తెలిసిపోయింది.

నువ్వు చెప్పింది నిజం. నేను వీధంతా తిరిగి "దానికి లెక్క రాదు, అబద్ధం చెప్పింది" అన్నాను. అప్పటినుంచి నువ్వు ఇంటికి వచ్చినా గ్రౌండు దారిన రావు, మార్కెట్ సందు చుట్టి వస్తావు. నేను చూడలేదనుకున్నావా?

మేడం వెళ్లిన సాయంత్రమే మీ అమ్మ కొట్టు రేకులు తనే ఊడదీసింది. "నా దోసెల కోసరం బిడ్డని అబద్ధాలకోరు చేసినావు గదయ్యా. నేనూ నోరు మూసుకుంటిని. ఇంక చాలు" అంది. ఆ రేకులు నేనే మోసుకెళ్లి ఇంటి వెనక పెట్టాను. మర్నాడు పోస్టులు పాత గుంతల్లోనే పాతాను. నడిగీత వెనక్కి జరిపాను. నా తాడుతో కొలిస్తే నూరు ఉంది. తాడు నాది, కాబట్టి నువ్వు నమ్మొద్దు.

టేపుకు రెండు కొసలు. సున్నా కొస నేను పట్టుకుంటా. అంకె ఉండే కొస దగ్గర నువ్వు నిలబడి చదవాలి. అప్పుడు చెప్పినట్టే, వీధంతా వినేట్టు గట్టిగా. వేలెడు తక్కువున్నా తక్కువనే చదువు. ఫైనలు పోతే పోనీ, నా కూతురు చదివిందే లెక్క అని ఆ మనుషులందరి ముందు నేనే చెప్తాను. నూరు ఉందా, ఫైనలుకు నువ్వు ఆట నేర్పే మీ స్కూలు ఆడపిల్లలను మన గ్రౌండులోకి నువ్వే నడిపించుకుని వస్తావు.

రెండో కొస తను పట్టుకుంటానని యువరాజ్ ఎగురుతున్నాడు. ఆగమన్నాను. ఆ ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రం ఆరు లోపల నాకు జవాబు కావాలి. ఫోనైనా సరే. "సరే నాన్నా" అని పెట్టేసినా ఈసారి కోపం లేదు. ఆ రెండు మాటలు చాలు.

ఇట్లు,
నీ లెక్క తప్పన్న మీ నాన్న
ఆదికేశవులు